కాటా సాఫ్ట్‌వేర్‌కు నాలుగు హద్దులు

గురువారం పొద్దున సూర్యప్రకాశ్ పెట్టుకున్న పనులు మూడే. ఒకటి, ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినడం. రెండు, రాయచూరు బజారుకు వెళ్లి కొత్త చొక్కా కొనుక్కోవడం. మూడు, శనివారం సిరవారలో జరిగే రైస్ మిల్లుల సంఘం సభలో మాట్లాడాల్సిన నాలుగు ముక్కలూ అద్దం ముందు ఒకసారి చెప్పి చూసుకోవడం. మొదటి పని సగంలో ఉండగా, ప్రింటరు కంపెనీ వాళ్ల జవాబు ఇంకా రాలేదేమిటా అని ఫోన్ తీసి, ఈమెయిల్లో ఎవరూ తొంగిచూడని స్పామ్ పెట్టె తెరిచాడు. తెరవకుండా ఉంటే అతనికి మూడు రోజుల నిద్ర మిగిలేది.

సూర్యప్రకాశ్ అంటే ఆ చుట్టుపక్కల కాటా సాఫ్ట్‌వేర్ సూర్యప్రకాశ్. వడ్ల లోడుతో ట్రాక్టరు కాటా ఎక్కగానే బరువు పట్టుకుని, ఖాళీ బండి బరువు తీసేసి, మిగిలిందెంతో చీటీ మీద అచ్చు వేసి ఇచ్చే ప్రోగ్రాం అతనిది. దేవుడి పేరు కలిసొస్తుందని పెట్టిన పేరు సూగురేశ్వర కాటా. పదకొండు చోట్ల నడుస్తోంది. కంప్యూటర్ తెరవగానే అగరుబత్తి పొగ లేస్తుంది. ఆ పొగలోంచి టై కట్టుకున్న సూర్యప్రకాశ్ ఫోటో పైకి వస్తుంది. దాని కింద ‘సంపూర్ణ స్వంత రచన: ఆర్. సూర్యప్రకాశ్, రాయచూరు’ అని బంగారు అక్షరాలు మెరుస్తాయి.

అందులో పొగ, ఫోటో, బంగారు అక్షరాలు మాత్రమే అతని సొంతం. మిగతాదంతా ఎనిమిదేళ్ల కిందట ఇంటర్నెట్లో దొరికింది. చెక్ దేశంలో పావెల్ అనే ఒకాయన రాసి, కావలసినవాళ్లు వాడుకోండని ఊరికే పెట్టాడు. సూర్యప్రకాశ్ దాన్ని దించుకుని, పావెల్ పేరు కనపడ్డ చోటల్లా చెరిపేశాడు. ‘లైసెన్సు’ అని ఒక ఫైలుంటే చదవకుండానే తీసేశాడు. ఊరికే ఇచ్చేవాడికి షరతులెందుకుంటాయని అతని ధీమా.

ఈ సంగతి భూమ్మీద అతనొక్కడికే తెలుసు. ఇంట్లో భార్య సౌభాగ్యకు కూడా తెలియదు. ఆమె పాలవాడితో మొదలుపెట్టి పుట్టింటివాళ్ల దాకా అందరికీ, “మా ఆయన అంతా సొంత బుర్రతోనే రాసిండు” అని చెప్పుకుంటుంది. పైగా మొన్ననే సిరవార నుంచి మిల్లు యజమాని కోటయ్య ఫోన్ చేసి, “శనివారం మీ సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చేద్దామని అందరం అనుకున్నామండి, మీరు తప్పకుండా రావాలి” అన్నాడు. తేల్చడమంటే మిగతా మిల్లులన్నీ కూడా కొంటాయనే సూర్యప్రకాశ్ అర్థం చేసుకున్నాడు. కొత్త చొక్కా అందుకే.

స్పామ్ పెట్టెలో ఉన్నది పావెల్ ఉత్తరం.

తప్పు పూర్తిగా సూర్యప్రకాశ్‌దే. నెల కిందట ప్రింటరు మొరాయిస్తే దిక్కుతోచక, ఇది రాసినవాడికే రోగం తెలుస్తుందని పావెల్‌కు ఈమెయిల్ పెట్టాడు. పనిలో పనిగా తెర ఫోటో కూడా జతచేశాడు. పొగ, టై, బంగారు అక్షరాలు అన్నీ ఉన్న ఫోటో. పావెల్ ప్రింటరుకు మందు చెప్పి, కింద మర్యాదగా ఇంకొన్ని మాటలు రాశాడు. నా ప్రోగ్రాం మీరు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఎవరికి ఇచ్చినా వాళ్లకు నాలుగు సంగతులు తెలియజేయాలి: ఇది ఎవరు రాశారు, ఏ లైసెన్సు కింద ఇచ్చారు, దీనికి ఏ గ్యారంటీ లేదు, అడిగినవాళ్లకు సోర్సు కోడ్ ఇవ్వబడుతుంది. మీ తెర మీద ఇవేవీ కనపడలేదు. ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో సరిచేస్తే ఏ గొడవా లేదు. లేకపోతే మీ హక్కులు రద్దవుతాయి.

ఉత్తరం వచ్చి ఇరవై ఎనిమిది రోజులైంది.

సూర్యప్రకాశ్ నోట్లోని బజ్జీ లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. ఏ హక్కులు రద్దవుతాయో పావెల్ విడమరిచి రాయలేదు గనుక, తనకున్న హక్కులన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటి వెనకే విదేశీ కోర్టు, చేతికి సంకెళ్లు, విమానంలో కిటికీ పక్క పోలీసు. ఇవన్నీ ఒక ఎత్తు. వాడేవాళ్లందరికీ తెలియజేయాలన్న ముక్క ఇంకొక ఎత్తు. జైలుకు వెళ్తే పదిమందీ అయ్యో పాపమంటారు. ‘సొంత రచన కాదట’ అంటే మాత్రం పదిమందీ నవ్వుతారు.

“ఏమయ్యా, గట్ల కొయ్యబారి కూసున్నవేంది? బజ్జీ కారంగ ఉందా?” అంది సౌభాగ్య.

“లేదు. శానా బాగుంది,” అన్నాడు సూర్యప్రకాశ్. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లను ఆమె బజ్జీ ఖాతాలోనే వేసింది.

అరగంటలో అతను వకీలు జగన్నాథ్ ఆఫీసులో ఉన్నాడు. జగన్నాథ్ బడిలో అతనికి నాలుగు తరగతులు పైవాడు. ముప్పై ఏళ్లుగా భూముల కేసులు తప్ప మరొకటి ముట్టుకోలేదు. సూర్యప్రకాశ్ తలుపు మూసి, గొంతు తగ్గించి, ఎనిమిదేళ్ల రహస్యాన్ని మొట్టమొదటిసారి ఒక మనిషి చెవిన వేశాడు.

జగన్నాథ్ అంతా విని కళ్లజోడు తుడుచుకున్నాడు. “అంటే అస్లీ మాలిక్ పావెల్. కబ్జల ఉన్నది నీవు. గంతేనా?”

“కబ్జ అనకు జగన్నా. ఆయనే వాడుకొమ్మన్నడు.”

“వాడుకొమ్మన్నట్టు కాయిదం ఉందా?”

“ఉండె. నేనే తీసి పారేసిన.”

“గిట్లాంటివి నా చేతుల మీద వెయ్యి పోయినయి, పరేషాన్ కాకు,” అన్నాడు జగన్నాథ్. “పబ్లిక్ నోటీసు ఇద్దాం. నీ బాధ్యత తీరిపోతది.”

“జగన్నా, ఒక్క మాట. నోటీసు ఇచ్చినట్టుండాలె. కానీ ఎవరూ చదవొద్దు.”

“మా కోర్టు కన్నడం ఎవరు చదువుతరోయ్? రాసిన నాకే రెండోసారి అర్థం కాదు.” జగన్నాథ్ కాగితం లాక్కున్నాడు. “హద్దులు చెప్పు.”

“సాఫ్ట్‌వేర్‌కు హద్దులేంది జగన్నా?”

“హద్దులు లేని నోటీసు ఈ ఆఫీసు నుంచి ఇంతవరకు పోలె. ఆ సాఫ్ట్‌వేర్ ఏడుంటది?”

“కంప్యూటర్ల ఉంటది.”

“కంప్యూటర్ ఏడుంటది?”

“కాటా రూంల.”

“ఇగ దొరికె. కాటాకు తూర్పుకు ఏముందో, పడమరకు ఏముందో మా పరశురామ్ పోయి చూసి రాసుకుంటడు.”

పరశురామ్ అంటే జగన్నాథ్ దగ్గర తల నెరిసిన గుమాస్తా. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. భయంలో ఉన్న మనిషికి ఎదుటివాడి ధైర్యమే న్యాయంగా కనిపిస్తుంది. సూర్యప్రకాశ్ ఇంకేమీ అడగకుండా పదకొండు కాగితాల మీద సంతకాలు చేసి, చొక్కా కొనుక్కోకుండానే ఇంటికి వచ్చాడు.

శుక్రవారం పరశురామ్ మైదా జిగురు డబ్బా పట్టుకుని బస్సెక్కాడు. ఒక్కొక్క కాటా దగ్గర నిలబడి నాలుగు దిక్కులూ చూసి హద్దులు పూరించి, గుండ్రటి ముద్ర కొట్టి, గోడకు అంటించాడు. ఆ రోజంతా సూర్యప్రకాశ్ ఇల్లు కదల్లేదు. వీధిలో మోటారు సైకిల్ ఆగితే స్నానాల గదిలోకి వెళ్లేవాడు. గ్యాస్ సిలిండర్ ఇచ్చేవాడు తలుపు కొట్టి పేరు అడిగితే, ఊళ్లో లేడని తానే చెప్పి పంపించాడు. సౌభాగ్య పక్కింటి పొయ్యి మీద వంట చేసింది.

అతనికి తెలియనిది ఒక్కటే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎన్ని పేజీల షరతులు పెట్టినా చదవకుండా సరేనని నొక్కే జనం, గోడ మీద ముద్ర ఉన్న కాగితం కనపడితే మాత్రం బండి ఆపి మరీ చదువుతారు. ఆ సీమలో గోడకెక్కే కాగితం ఒక్కటే రకం. ఎవరి భూమో పోతోందన్నమాట.

శనివారం పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. కోటయ్య. అతని తండ్రి గోదావరి గట్టు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసినవాడు. కోటయ్య పుట్టింది ఇక్కడే అయినా మాట ఇంకా అక్కడిదే.

“ప్రకాశం గారూ! పావెల్ ఎవరండీ బాబూ?”

“ఏ పావెల్?” అన్నాడు సూర్యప్రకాశ్ సన్నగా.

“అదే నేనూ అడుగుతున్నానండి. మా కాటా స్థలం ఆయనదంటండి. నాలుగు హద్దులూ రాసుంది. పడమర మా మిల్లే వేశారు. మా నాన్న కొన్న స్థలమండీ అది! కింద మీ సంతకం ఉందని చదివినాయన చెప్పాడు. మీరు వెంటనే రండి. రాకపోతే మేమే జీపేసుకుని వస్తాం.”

జీపు అన్న మాటతో సూర్యప్రకాశ్ మొదటి బస్సు పట్టుకున్నాడు. దారిపొడవునా దిగిపోదామనుకుంటూనే కూర్చున్నాడు.

సిరవారలో కోటయ్య మిల్లు ముందు అర మైలు పొడవున వడ్ల ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. పావెల్ వచ్చేదాకా కాటా ఎక్కవద్దని ఎవరో అన్నారు, ఎక్కితే కేసవుతుందని ఇంకెవరో అన్నారు. అప్పటికే పావెల్ బెంగళూరులో దిగాడని, మనిషి ఏడడుగులున్నాడని, కాలువ నీళ్ల మీద కూడా అతనికి హక్కుందని మాట పుట్టింది. నోటీసు కింద ‘ఆక్షేపణలున్నవారు రెండు దినములలో తెలుపుకోవలెను’ అని ఉండడంతో జనం నిజంగానే తెలుపుకోవడానికి వచ్చారు. అందరికంటే ముందు మహదేవప్ప ఉన్నాడు. కాటాకు తూర్పున అతనిది ఖాళీ జాగా.

“తూర్పుకు మహదేవప్ప అని రాసిండ్రు, సరే. కానీ రెండు అడుగులు లోపలికొచ్చిండ్రు. ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, కోటయ్య వినలె. పావెల్ అయినా వింటడేమో, ఆయన నంబరియ్యి,” అన్నాడు సూర్యప్రకాశ్ చెయ్యి పట్టుకుని.

అంతలో జనంలోంచి ఒక ఖాకీ చొక్కా నేరుగా అతని వైపు వచ్చింది. ఇక దాచి లాభం లేదని సూర్యప్రకాశ్ కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచాడు. ట్రాక్టర్లను పక్కకు జరిపించడానికి వచ్చిన హోంగార్డు తన ఖాళీ చాయ్ గ్లాసు ఆ చేతుల్లో పెట్టి, ఈల ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

“తమ్మీ, నా మాట ఇను,” అని ఒక ముసలామె ట్రాక్టరు దిగి వచ్చింది. ఆమె హనుమవ్వ. మూడెకరాల వడ్లు ఆ ట్రాక్టర్లోనే ఉన్నాయి. “నిన్న మాపటి నుంచి ఈడనే ఉన్న. ఆ దిక్కు మబ్బు చూడు. వాన పడితే నా వడ్లు మొలకలొస్తయి. ఆ పావెల్‌కు దండం పెడ్తనని చెప్పు, నావి తూచినంక జాగ తీసుకొమ్మను.”

దక్షిణాన నిజంగానే మబ్బు పట్టింది. ఇంతవరకు సూర్యప్రకాశ్ తన గురించి భయపడ్డాడు, ఇప్పుడు ఆ ముసలామె వడ్ల గురించి కూడా భయం పట్టుకుంది.

మిల్లు లోపలి నుంచి కోటయ్య, అతని వెనక సంఘం పెద్దలు పది పన్నెండు మంది వచ్చారు. సభ మిల్లులో కాదు, కాటా దగ్గరే అని తేలిపోయింది. వాళ్లతో పాటు కోటయ్య కూతురు సాహితి. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చింది. ఆమె గోడ దగ్గరకు వెళ్లి, ఎవరూ చదవలేరనుకున్న కోర్టు కన్నడాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. చదువుతూ ఒక్కసారి సూర్యప్రకాశ్ వైపు చూసింది.

“నాన్నా, ఇది స్థలం గొడవ కాదు,” అంది.

“కాదా? మరి హద్దులెందుకు రాశారే?”

“అదే నాకూ తెలియట్లేదు. మిగతాదంతా ఓపెన్ సోర్సు లైసెన్సు నోటీసు. యజమాని పావెల్, గ్యారంటీ లేదు, మూల పత్రాలు అడిగినవాళ్లకి చూపిస్తారు. అంటే సోర్సు కోడ్ అన్నమాట.” ఆమె గొంతు తగ్గించింది. “ప్రకాశం అంకుల్, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

తప్పించుకునే దారి ఇంకా ఒకటి ఉంది. అవును, భూమి గొడవే, కోర్టులో చూసుకుందాం అంటే చాలు. జనం నమ్ముతారు, తన పేరు నిలుస్తుంది. ట్రాక్టర్లు మాత్రం అక్కడే ఉంటాయి. సూర్యప్రకాశ్ మబ్బు వైపు చూశాడు, హనుమవ్వ వైపు చూశాడు, చాయ్ గ్లాసును కాటా గట్టు మీద పెట్టాడు.

“స్థలం కోటయ్య గారిదే. పావెల్‌ది సాఫ్ట్‌వేర్,” అన్నాడు. “అది నేను రాయలె. ఆయన రాసిండు. నేను ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టుకున్న. ఎనిమిదేండ్ల సంది మీ అందరికీ అబద్ధం చెప్పిన.”

కోటయ్య జనాన్ని తప్పించుకుని అతని ముందుకు వచ్చాడు.

“మొత్తం ఆయనే రాశాడా?” అన్నాడు కోటయ్య. “తూకం లెక్క?”

“ఆయనదే.”

“బరువు పట్టేది?”

“ఆయనదే.”

“చీటీ అచ్చేసేది?”

“అది గూడ ఆయనదే. పొగ ఒక్కటి నాది.”

సూర్యప్రకాశ్ తల వంచుకున్నాడు. మొదటి దెబ్బ ఎవరి చేతి నుంచి పడుతుందా అని భుజాలు దగ్గరకు ముడుచుకున్నాడు.

“అమ్మయ్య!” అన్నాడు కోటయ్య.

సూర్యప్రకాశ్ తల ఎత్తాడు. కోటయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. సంఘం పెద్దలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకున్నారు.

“ఆ మాట ముందే చెప్పి చావొచ్చు కదండీ! మీరు రాశారనే కదా మేమింత భయపడి చచ్చింది. ఒక దీపావళికి మీరు తారాజువ్వల బొమ్మ పెట్టారు, గుర్తుందా? ఆ రోజు పదహారు లోడ్లకి తూకం బదులు శుభాకాంక్షలు పడ్డాయి. అప్పటి నుంచి ప్రతి లోడూ పక్క కాటా మీద చాటుగా మళ్లీ తూపిస్తున్నామండీ. ఒక్క కిలో తేడా రాలేదు. రాకపోయేసరికి ఇంకా భయమేసింది. ఇవాళ సభ పెట్టింది మీ సాఫ్ట్‌వేర్ తీసి పారెయ్యడానికే.”

“నేను గూడ రెండు కాటాల మీద తూపిస్తుంటి తమ్మీ,” అంది హనుమవ్వ ఓదార్పుగా. “నీ ఫోటో చూస్తేనే నాకు ధైర్యం చాలకపోయేది.”

సంఘం అక్కడికక్కడే తీర్మానం చేసింది. సాఫ్ట్‌వేర్ అన్ని మిల్లులకూ తీసుకోవాలి. పెట్టేది, చూసుకునేది సూర్యప్రకాశే. లోపల ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదు. తెర మీద అతని పేరు తీసి పావెల్ పేరు, లైసెన్సు పెట్టాలి. పొగ కూడా తీసెయ్యాలి. సోర్సు కోడ్ సాహితికి ఇవ్వాలి, ఆమె చదివి చూస్తుంది. పావుగంటలో హనుమవ్వ ట్రాక్టరు కాటా ఎక్కింది. చీటీ చూసుకుని, పక్క కాటా వైపు కన్నెత్తి కూడా చూడకుండా లోపలికి పోయింది. మహదేవప్ప మాత్రం తన రెండడుగుల సంగతి పావెల్ ఏమంటాడో కనుక్కోవాలని పట్టుబట్టాడు.

కోరుకున్న దానికంటే ఎక్కువే దక్కింది సూర్యప్రకాశ్‌కు. జైలు తప్పింది, పని పెరిగింది, ఒక్కరూ నవ్వలేదు. అయినా తిరుగు బస్సులో అతనికి ఏడుపొచ్చింది. నిజం బయటపడ్డందుకు కాదు. అది విని అందరూ అంత సంతోషించినందుకు.

ఇంటికి వచ్చి సౌభాగ్యకు తానే చెప్పేశాడు. ఆమె చేస్తున్న పని ఆపలేదు.

“నాకెప్పుడో తెల్సు. మా అన్న పెండ్లి కార్డుల మన ఇద్దరి పేర్లే సరిగ్గ రాయలేకపోతివి,” అంది. “పదిమందికి నేను గట్ల చెప్పకుంటే నీ సాఫ్ట్‌వేర్ ఎవరు తీసుకుంటుండిరి?”

ముప్పయ్యో రోజు ముగియక ముందే పావెల్‌కు ఉత్తరం రాశాడు. వాడేవాళ్లందరికీ తెలియజేశానని, రుజువుగా నోటీసు ఫోటో జతచేశానని చెప్పాడు. మర్నాడే జవాబొచ్చింది. ‘చాలా సంతోషం. నోటీసును అనువాదం చేయించి చదివాను. సహాయం మెనూలో నాలుగు వాక్యాలు పెడితే సరిపోయేది. తూర్పున ఉన్న మహదేవప్ప గారు ఎవరు?’

తర్వాతి నెల సంఘం మళ్లీ సమావేశమై, ఇంత నికార్సయిన తూకం ఇచ్చిన పెద్దమనిషికి సన్మానం చెయ్యకపోతే బాగుండదని తీర్మానించింది. మనిషి రాలేడు గనుక శాలువా, జ్ఞాపిక చెక్ దేశానికి పార్సిల్‌లో పంపాలనుకున్నారు. ఆ పని నమ్మకస్తుడని సూర్యప్రకాశ్‌కు అప్పగించారు. రాయచూరు పోస్టాఫీసులో అతను ‘అందుకొనువారు’ అన్నచోట పావెల్ పేరు మామూలుగా రాసి, ‘పంపువారు’ అన్నచోట తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి మరీ రాశాడు.

అది మాత్రం సంపూర్ణంగా అతని స్వంత రచన.